గాజు గుడిసెలు

"పగిలిన అద్దం ఉందా అండీ?"

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు మీద బాలకృష్ణ అద్దాల షాపు పెట్టి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో వచ్చినవాళ్లందరూ పగలని అద్దమే అడిగారు. పగిలింది కావాలన్న మనిషిని చూడటం ఇదే మొదలు. చేతిలో డైమండ్ కట్టర్ పక్కన పెట్టి తలెత్తాడు.

ఎదురుగా ఒకమ్మాయి నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ క్యారియర్, భుజాన సంచీ. కోఠి నుంచి బస్సులో నిలబడి వచ్చిన చిరాకు ముఖంలో ఉంది. ఆ చిరాకుతో కూడా బాగానే ఉంది.

"పగిలింది ఎందుకు మేడమ్? ఇంట్ల పెట్టుకోవద్దంటరు."

"ఇంట్లోకి కాదండీ. మొక్కలకి."

"మొక్కలు గూడ మొహం చూసుకుంటయా?"

"నేనడిగింది కిటికీ అద్దం. మీకు తెలుగు అర్థమవుతుందా?"

"మంచిగ అయితది. మీ తెలుగే జర తేడా."

ఆమె నవ్వలేదు. సంచీలోంచి పల్లీలు కట్టిచ్చిన పొట్లం కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఏదో ఇంగ్లీషు పత్రికలో పేజీ అది. బొమ్మలో ఒక దొరసాని తోట, ఆ తోటలో మొక్కల మీద వరసగా బోర్లించిన గాజు పెట్టెలు. కింద రాసిన సంగతి సగం చిరిగిపోయింది.

"చలిదేశాల్లో ఇలా కప్పుతారట. నాలుగు పక్కలా నాలుగు ముక్కలు, పైన ఒకటి. అడుగున ఏమీ వద్దు. రాత్రి చలిగాలి తగలకుండా ఉంటే చాలు."

"గాజు గుడిసె అన్నట్టు."

"ఆఁ, అదే."

ఆమె పేరు హైమవతి. కోఠిలో ఒక ఆఫీసులో టైపిస్టు. తండ్రి పోయాక వచ్చిన డబ్బుతో తల్లీ కూతుళ్లిద్దరూ కొత్తపేట దాటాక నలభై ఒకటో నంబరు ప్లాటు కొని, అక్కడే రేకుల షెడ్డులో ఉంటూ రెండు గదుల ఇల్లు కడుతున్నారు. ఆ ఇంటికి ఎనిమిది కిటికీ అద్దాలు ఎలాగూ కావాలి. అవి ఈ షాపులోనే తీసుకుంటుంది, గుడిసెలకు మాత్రం కోతలో మిగిలిన ముక్కలు ఊరికే ఇవ్వాలి. బేరం అది.

"ఇస్త గని, మొక్కలకు గింత పరేషాన్ ఎందుకు?" అన్నాడు బాలకృష్ణ.

అడక్కుండా ఉంటే బాగుండేది.

ఆ ప్లాటు ఒకప్పుడు ద్రాక్షతోట. ఆ చుట్టుపక్కల కాలనీలు చాలావరకు అంతే. పందిళ్లు పీకి, వాటిని మోసిన రాతి కడీలు అమ్మేసి, సున్నంతో గీతలు గీసి నంబర్లు వేశారు. నలభై ఒకటో నంబరు మూలన మాత్రం ఒక కడీ, దాన్ని పట్టుకుని ఒక తీగ మిగిలాయి. తోట అమ్మిన రైతు ఏటా దీపావళి ముందు వచ్చి ఆ తీగను కత్తిరించి పోయేవాడు. ఈసారి ఆయన వచ్చేసరికి, నీళ్ల సంపు తవ్వుతూ మేస్త్రీ దాన్ని మొదలంటా తీసేశాడు.

"నేను వద్దని చెప్పే ఆఫీసుకి వెళ్లానండీ. సాయంత్రం వచ్చేసరికి గొయ్యి ఉంది, తీగ లేదు. ఆ పెద్దాయన మట్టికుప్ప మీద కూర్చుని ఉన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. 'మంచిగ కట్టుకో బిడ్డా' అని లేచి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆయన పేరు కూడా అడగలేదు నేను."

ఆ రాత్రే ఆమె కుప్పలో పడున్న తీగనుంచి పదకొండు కొమ్మలు కోసింది. డాల్డా డబ్బాలకు అడుగున మేకుతో బొక్కలు పెట్టి వాటిలో నాటింది. చిగుళ్లు వచ్చాయి. డిసెంబరు రాగానే, చెట్టూ చేమా లేని ఆ మైదానంలో చలిగాలికి ఆ చిగుళ్లు కొసలు నల్లబడుతున్నాయి.

"మాఘమాసంలో గృహప్రవేశం. ఆలోగా ఒక్క మొక్కయినా బతికించి ఆయన చేతిలో పెట్టాలి. ఆయన వచ్చి అక్షింతలు వెయ్యందే నేను ఆ ఇంట్లో పాలు పొంగించను."

"పొంగియ్యకుంటే?"

"పాలకు బదులు మా అమ్మ పొంగుతుంది."

ఈసారి బాలకృష్ణే నవ్వలేదు. దీపావళి ముందు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, అన్నం వద్దని పడుకుని, అప్పటి నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని మనిషి కొత్తపేటలో వాళ్లింట్లోనే ఉన్నాడు. ఆ మనిషి పేరు అంజయ్య. బాలకృష్ణకు తండ్రి.

ఆ మాట అప్పుడే చెప్పాలి. చెబితే ఈ అమ్మాయి మొహమాటపడి వేరే షాపుకు పోతుందేమోనని భయం వేసింది. అప్పటికి పరిచయమై పదిహేను నిమిషాలు. అంతలోనే అంత భయం ఎందుకో అతనే ఆలోచించుకోవాలి.

"ఐతారం లోపల ఆరు చేసిస్త, మిగతయి తర్వాత" అన్నాడు.

* * *

పని చేతకాకపోతే ఒక బాధ. మరీ బాగా వస్తే ఇంకో బాధ.

బాలకృష్ణ ఆరు గుడిసెలకూ అంచులు నూరాడు. మూలలకు రేకు పట్టీలు వేశాడు. ప్రతి అతుకులోనూ లప్పం కూరి బొటనవేలితో సాపు చేశాడు. వానాకాలంలో ఇళ్లవాళ్లతో తిట్లు తిని నేర్చుకున్న పని అది. చీమ దూరే సందు లేదు. శనివారం సాయంత్రం వాటిని నలభై ఒకటో నంబరుకు తీసుకుపోయి ఆరు డబ్బాల మీద బోర్లించి, అంచుల చుట్టూ మట్టి కూడా ఎగదోశాడు.

"ఎంత చక్కగా చేశారండీ!" అంది హైమ.

ఆ మాటకు అతను వంటింటి కిటికీ కొలత తీసుకుని, ఆ అంకె మరిచిపోయి, మళ్లీ తీసుకున్నాడు. హైమ తల్లి సుమిత్రమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ కిటికీ ఇందాకటి నుంచి పెరిగిందా బాబూ?"

"లేదమ్మా. పక్కా చేసుకుంటున్న."

ఆదివారం తల్లీ కూతుళ్లు మలక్‌పేటలో చుట్టాలింట్లో నామకరణానికి వెళ్లారు. ఆ రోజు మబ్బు లేదు. వాళ్లు సాయంత్రం తిరిగొచ్చి చూసేసరికి ఆరు గుడిసెల లోపలా ఆవిరి పట్టి చెమ్మ కారుతోంది. హైమ ఒకటి ఎత్తింది. వేడి ముఖానికి కొట్టింది. లోపల చిగుళ్లు ఉడికిన తోటకూరలా వేలాడుతున్నాయి. ఆరూ అంతే. గుడిసె లేని అయిదు మాత్రం నల్లబడ్డ కొసలతో నిలబడే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న పనికొచ్చిన మేస్త్రీ బక్కయ్య ఆ డబ్బాలు చూసి నోరు జారాడు.

"గివి అంజయ్య పటేలు కొడుకు చేసినయేనామ్మా?"

"అంజయ్యెవరు?"

"గదే, గీ తోట అసామి. నేను తీగ తీసేసిననని మట్టి మీద కూసున్నడు సూడు, ఆయినె."

ఆ రోజు హైమ ఆఫీసుకు పోయే బస్సు ఎక్కలేదు. ఆరు గుడిసెలూ గోనెసంచుల్లో చుట్టి రిక్షాలో వేసుకుని నేరుగా షాపుకు వచ్చింది.

"మీ నాన్నగారి కోపం మీరు తీర్చుకున్నారన్నమాట."

"ఏందండీ? ఏమైంది?"

"ఉడికిపోయాయి, ఆరూ. ఎంత శ్రద్ధగా చేశారో! గాలి కూడా పోకుండా!"

బాలకృష్ణకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు.

"నేను కావాలని చెయ్యలే."

"ఆయన కొడుకునని చెప్పకుండా ఉన్నది కావాలని కాదా?"

"అది... అది కావాలనే."

"చాలు." ఆమె వెనక్కి తిరిగింది.

"జర ఆగుండ్రి. లప్పం పెట్టుడే నాకొచ్చిన పని. ఎన్నడు గూడ గాలి లోపలికి రాకుండ చెయ్యమన్నోళ్లే గని, రానియ్యమన్నోళ్లు లేరు. మొక్కకు గాలి కావాల్నని నాకు ఎర్క లేకపాయె. మీకైనా ఎర్కనా?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. నిజమైన మాటలు సమయం చూసి అనడం ఆ వయసులో ఎవరికీ రాదు. హైమ రిక్షా ఎక్కి వెళ్లిపోయింది. రిక్షా కదిలాక, ఎదుటి వాడి తప్పులో సగం తన పల్లీల పొట్లానిదేనని తోచి ఆమెకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

* * *

రాత్రి అన్నాల దగ్గర బాలకృష్ణ తండ్రి ముందు కూర్చున్నాడు. తల్లి సత్తెమ్మ ఇద్దరికీ పప్పు వడ్డించింది.

"నాయినా, నలభై ఒకటో నంబరామె నీ తీగకు కొమ్మలు పెట్టింది."

అంజయ్య కలుపుతున్న చెయ్యి ఆగింది.

బాలకృష్ణ మొత్తం చెప్పాడు. పగిలిన అద్దం, డాల్డా డబ్బాలు, లప్పం, ఆరు చచ్చిపోవడం, ఆమె తిట్టడం, ఏదీ దాచలేదు. ఆమె పాలు పొంగించనన్న మాట కూడా చెప్పాడు.



"మండే ఎండల మూత పెడితే కలం పెట్టిన కొమ్మ బతుకుతదారా?" అన్నాడు అంజయ్య. "తోటల ఉన్నప్పుడు గంపలు బోర్లిస్తుంటిమి. పొద్దు పొడిసినంక ఒక దిక్కు లేపాలె. పొద్దు గూకే ముందుగాల దించాలె. పైన రెండు వేళ్ల సందు ఎప్పటికీ ఉండాలె. నీకు నేను నేర్పలే. తోట అమ్మినంక ఇగ ఎందుకనుకున్న."

"నువ్వొచ్చి చూస్తవా?"

"ఎన్ని మిగిలినయ్?"

"అయిదు."

"ఏ దిక్కుకున్నయ్?"

"సంపు పక్కకు."

అంజయ్య మళ్లీ అన్నం కలుపుకున్నాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. కానీ దీపావళి తర్వాత మొదటిసారి పప్పు మారు అడిగాడు.

మరుసటి శనివారం బాలకృష్ణ అయిదు కొత్త గుడిసెలతో వెళ్లాడు. ఈసారి పై అద్దానికి లప్పం లేదు. రేకు కొక్కేల మీద ఊరికే ఆనించాడు. వేలితో జరిపితే జరుగుతుంది.

హైమ మెట్ల మీద నిలబడి, దిగకుండా చూసింది.

"ఈసారి సందిడిసిన" అన్నాడు అతను. "పొద్దున తొమ్మిదిటికి జరపాలె, సాయంత్రం అయిదిటికి ముయ్యాలె. మా నాయిన చెప్పిండు."

"ఆయన..."

"తెలుసు ఆయనకు. నేను చెప్పిన. మొదలే మీకు చెప్పేదుండె. తప్పు నాదే."

హైమ ఒక మెట్టు దిగింది.

"పొట్లం నాది" అంది. "నేనూ అన్నీ అనేశాను లెండి."

ఆమె ఎనిమిదింటికే బస్సుకు పోవాలి. అందుకని తొమ్మిదింటికి మూత జరిపే పని సుమిత్రమ్మకు అప్పగించింది. సుమిత్రమ్మ పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయే రకం. హైమకు నమ్మకం లేదు. కానీ సాయంత్రం వచ్చి చూస్తే మూతలు పద్ధతిగా దించి ఉండేవి. డబ్బాల్లో మట్టి గుల్లగా కెలికి ఉండేది. నీళ్లు ఎక్కువా తక్కువా కాకుండా ఉండేవి.

"నీకింత పనితనం ఉందని తెలీదమ్మా."

"నీకేం తెలుసు నా గురించి!" అనేది సుమిత్రమ్మ, అటు తిరిగి.

* * *

జనవరిలో, ఎవరూ అడక్కుండానే ఒక ఆదివారం వాన పడింది.

ఆ రోజు బాలకృష్ణ ముందుగదికి పెద్ద అద్దం తెచ్చాడు. మట్టిరోడ్డు దాకా ఆటో వచ్చింది. లోపలికి రానన్నాడు డ్రైవరు. హైమ రెండో కొస పట్టుకోవడానికి వచ్చింది. అంచులకు న్యూస్‌పేపర్ చుట్టి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని బయల్దేరారు. సగం దూరంలో వాన అందుకుంది.

"పైకెత్తుండ్రి, నెత్తి మీద పట్టుకుందాం" అన్నాడు.

ఎత్తారు. అద్దం మీద వాన టపటపా పడుతోంది. కింద ఇద్దరూ తడవకుండా, చేతులు పైకెత్తి, ఎదురుబొదురుగా, పక్కకి అడుగులేస్తూ నడుస్తున్నారు. కాలనీలో చూసేందుకు అటు నాలుగు ఇళ్లే ఉన్నాయి. అదొక అదృష్టం.

"ఒక మాట చెప్పాలె."

"ఇప్పుడా?"

"గిప్పుడైతెనే మంచిది. మీ చేతులు ఖాళీ లేవు, కొట్టలేరు."

హైమ ముందే నవ్వేసింది. "చెప్పండి."

"మీరంటే నాకిష్టం. పెండ్లి చేసుకోవాల్నని ఉన్నది. మా ఇంట్ల మాట్లాడాల్నా?"

 హైమ అతన్ని చూసింది, అద్దంలోంచి పైన కారుతున్న నీళ్లను చూసింది, మళ్లీ అతన్ని చూసింది. ఆమెకూ ఇష్టమే. ఆ సంగతి ఆమెకు రెండు వారాలుగా తెలుసు. కానీ సంపు పక్కన ఆ సాయంత్రం మట్టికుప్ప మీద కూర్చున్న మనిషి గుర్తుకొచ్చాడు.

"నాకూ ఇష్టం లేకపోలేదు. కానీ మీ నాన్నగారు మా గుమ్మం తొక్కనిదే నేను మీ గుమ్మం ఎలా తొక్కనండీ? ముందు మొక్క బతకనివ్వండి."

"బతకకుంటే?"

"కాలు జాగ్రత్త, గుంట ఉంది."

* * *

గృహప్రవేశానికి వారం ఉందనగా, శనివారం ఆఫీసు ఒంటిపూటే విడిచారు. హైమ మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది.

సంపు పక్కన ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. తెల్ల ధోవతి, భుజాన తువ్వాల. ఒక గుడిసె పక్కకు దించి పెట్టి, డబ్బాలో మట్టిని పుల్లతో కెలుకుతున్నాడు. పక్కన ఇత్తడి గ్లాసులో కాఫీ పొగలు కక్కుతోంది.

హైమ గేటు దగ్గరే ఆగిపోయింది.

సుమిత్రమ్మ గుమ్మంలోంచి దొరికిపోయిన మొహంతో చూసింది. "ఏం చెయ్యమంటావే? ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు అన్నయ్యగారు. ఆదివారం తప్ప రోజూ పొద్దున తొమ్మిదింటికి ఠంచనుగా వస్తారు, మధ్యాహ్నం మళ్లీ వచ్చి సాయంత్రం మూతలు దించి పోతారు. నాకు మూత జరపడం రాదు, ఆయనకు కాఫీ కాచుకోవడం రాదు. సరిపోయింది."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండో విడత గుడిసెలు వచ్చాక సోమవారం నుంచి."

కొత్తపేటలో సత్తెమ్మ మాత్రం, మొగుడు డాక్టరు చెప్పాడని రోజూ రెండుపూటలా నడకకు పోతున్నాడనే అనుకుంటోంది.

హైమ వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. ఏం అనాలో ముందే వంద సార్లు అనుకుంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు.

"నా మీద కోపం పోలేదనుకున్నానండీ."

"నీ మీద కోపమెందుకు బిడ్డా?" అంజయ్య పుల్ల కింద పెట్టాడు. "భూమి అమ్ముకున్నోన్ని నేను. సంతకం పెట్టిన చెయ్యి నాది. గా ఒక్క తీగను చూసి, ఇంక అమ్మలేదన్నట్టు నన్ను నేను మోసం చేసుకుంటుంటి. అది పోయిన్నాడు నా మీద నాకే రోషమొచ్చింది. నీ దిక్కు రావాలంటే సిగ్గయింది. మా పోరడు నీ కొమ్మల సంగతి చెప్పినంక ఆగబుద్ది కాలే."

ఆయన కళ్లు తుడుచుకోలేదు. తువ్వాల మాత్రం ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకున్నాడు. హైమ కళ్లు తుడుచుకుంది.

"అయిదిట్ల రెండు పోయినయ్. మూడు నిలబడ్డయ్" అని డబ్బా ఆమె వైపు జరిపాడు. చెయ్యంత పొడవు తీగ, ఆరు ఆకులు. డబ్బా అడుగు బొక్కలోంచి తెల్లగా ఒక వేరు కొస బయటికి వచ్చింది. "ఇగ దీనికి గుడిసె అక్కర్లే."

* * *

మాఘంలో, తొమ్మిది గంటల ముహూర్తానికి పాలు పొంగాయి. అంజయ్య, సత్తెమ్మ ముందు వరసలో నిలబడి అక్షింతలు వేశారు. తర్వాత అందరూ మూలనున్న పాత కడీ దగ్గరకు వెళ్లారు. బక్కయ్య, తన తప్పుకు తానే గొయ్యి తవ్వి పెట్టాడు.

హైమ డబ్బాను అంజయ్య చేతుల్లో పెట్టింది. "మీరే నాటాలి."

ఆయన ఆ డబ్బాను కాసేపు పట్టుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు.

"నేను పెడితే నా తీగయితది. నువ్వు పెట్టు, ఇంటిదయితది."

హైమ నాటింది. అంజయ్య మట్టి అదిమాడు. మిగిలిన రెండు డబ్బాల్లో ఒకటి కొత్తపేట ఇంటికి పోతుందని అక్కడే తేలిపోయింది.

భోజనాల దగ్గర అంజయ్య ఇల్లంతా తిరిగి చూశాడు. వంటింట్లో ఆగి కొడుకును కేకేశాడు.

"బాలకృష్ణా! ఏడు కిటికీలకు పెట్టినవ్. గీ ఒక్కదానికి అద్దం ఏది? గ్రుప్రవేశం గూడ అయిపాయె!"

బాలకృష్ణ విస్తరి వైపు చూశాడు. "కొలత... జర తేడా వచ్చింది నాయినా. మళ్లొకసారి తీసుకోవాలె."

"నాలుగుసార్లు తీసుకున్నాడు అన్నయ్యగారూ" అంది సుమిత్రమ్మ పప్పు వడ్డిస్తూ. "నేను లెక్కపెట్టాను. అద్దం కోసి షాపులో పెట్టి రెండు నెలలైందని వాళ్ల పనివాడే చెప్పాడు. అది కూడా బిగిస్తే ఇక ఇటు రావడానికి పని ఉండదని కాబోలు."

సత్తెమ్మ కొడుకును చూసింది. అంజయ్య హైమను చూశాడు. 

హైమ నెయ్యి గిన్నె పట్టుకుని వస్తోంది. బాలకృష్ణ విస్తరి దగ్గర ఆగింది. వేడి అన్నం మీద ఒక గరిటె వేసింది. అడక్కుండానే రెండోదీ వేసింది.

"రేపే బిగించెయ్యండి" అంది, అందరికీ వినపడేలా. "ఇకమీదట పని లేకపోయినా రావచ్చు."